ఆరున్నర వేల చేమాకు

(తెర మీద: డైనింగ్ టేబుల్. మధ్యలో ఒక కుండీ. ముదురాకుపచ్చ ఆకు, మఖమల్ గుడ్డలా ఉంది, ఒక సగం తెల్లగా. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆకుని తిప్పి చూస్తుంది.)

"ఇదేంటే, చేమాకుని తెచ్చి టేబుల్ మీద పెట్టావు? పైగా తెగులు పట్టింది."

మా అమ్మ అండీ. ఊరు కడియం పక్కన. ఆ మొక్క పేరు అలొకేషియా ఫ్రైడెక్, వేరిగేటెడ్ రకం, అంటే ఆకు మీద తెల్ల మచ్చలుండేది. 2022లో ఆరున్నర వేలు పోసి కొన్నాను. ధర అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ యూట్యూబ్‌లో ప్రవచనాలు తప్ప ఇంకేం చూడదన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను.

నమస్కారం. మేం ఉండేది బెంగళూరు, మహదేవపుర వైపు. రెండు పడగ్గదుల ఫ్లాట్, ఒక బాల్కనీ, 83 కుండీలు. లెక్క నాది కాదు, మా ఆయనది. పోయిన దీపావళికి దీపాలు పెట్టడానికి చోటు దొరక్క, కోపంగా లెక్కపెట్టారు. ఈ పిచ్చి ఎలా పడుతుందో, అందులో ఉన్న సుఖమేంటో, ఎక్కడ శ్రుతి మించుతుందో చెబుదామని ఈ వీడియో. మొదలు అమ్మ అన్న ఆ మాట దగ్గరే.

ఎందుకంటే అమ్మ చెప్పింది నిజం.

(తెర మీద: చేమాకు, అలొకేషియా ఆకు పక్కపక్కన.)

వృక్షశాస్త్రంలో అరేసీ అని ఒక కుటుంబం ఉంది. మన భాషలో కంద కుటుంబం అనుకోండి. కంద, చేమ రెండూ ఇందులోవే. ఇక నర్సరీలో మనం మురిసిపోయి కొనే మొక్కలు చూడండి. మనీ ప్లాంట్ ఈ కుటుంబమే. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం, జీజీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, అన్నీ కంద చుట్టాలే. పీస్ లిల్లీకి పేరులో తప్ప లిల్లీతో సంబంధం లేదు, అదీ ఇక్కడిదే. అనుమానముంటే పువ్వు చూడండి. మధ్యలో కంకి, దాని వెనక పాము పడగలాంటి ఒక రేకు. ఆంథూరియంలో మనం ఎర్ర పువ్వు అనుకునేది ఆ పడగే, అసలు పువ్వులు కంకి మీద సన్నగా ఉంటాయి. సుమత్రా అడవుల్లో మనిషిని మించిన ఎత్తున పూసి, కుళ్లిన మాంసం కంపు కొట్టే టైటాన్ ఆరమ్ గురించి వినే ఉంటారు. మన పెళ్లిళ్లలో కందబచ్చలి కూరకి వాడే కందకి అది అన్న వరస. ఇద్దరిదీ ఒకే ప్రజాతి.

కందని కోస్తే చేతులు దురద పెడతాయి కదా. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల పని అది. అందుకే మనవాళ్లు చింతపండు వేసి వండుతారు. ఈ షోకు మొక్కల్లోనూ అవే సూదులు. డైఫెన్‌బేకియా నమిలితే నాలుక వాచి మాట రాదు. ఇంట్లో పాకే పిల్లలున్నా, పిల్లులున్నా ఇవి అందని ఎత్తులో పెట్టండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, కంద కొన్నవాళ్లకి పట్టే దురద వేరే ఉంది. దాని సంగతికి వస్తా.

ఈ ఒక్క కుటుంబమే మన ఇళ్లలో ఎందుకు తిష్ఠ వేసింది? వీటిలో చాలావాటి పుట్టిల్లు వానల అడవి, అదీ పెద్ద చెట్ల కింద. పైనుంచి వడకట్టిన వెలుగులో బతకడం నేర్చుకున్నాయి. మన హాలు వాటికి కొంచెం చీకటి అడవి, అంతే. ఎంత చీకటో మన కంటికి తెలీదు, కన్ను సర్దుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు లక్ష లక్సుల వెలుగుంటే, కిటికీ పక్కన ఒకటి రెండు వేలు, సోఫా మూలకి వచ్చేసరికి వందా, రెండొందలు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుని ఒకసారి ఇల్లంతా తిరగండి. నేను తిరిగిన రోజు తెలిసింది, నా 83 కుండీల్లో నలభై దాకా పస్తులుంటున్నాయని. 'తక్కువ వెలుగు చాలు' అని అమ్మే మొక్కకి అర్థం, తక్కువ వెలుగులో త్వరగా చావదు అని. జీజీ ప్లాంట్ నెలల తరబడి నీళ్లడగకపోతే దాని గొప్ప కాదు, మట్టిలో దుంపల్లో దాచుకున్నది తింటూ ఉంటుంది.

(తెర మీద: ఉదయం. చుట్టలా బిగుసుకున్న మాన్‌స్టెరా కొత్తాకు, నాలుగు రోజులు, వేగంగా.)

ఇక సుఖం. అరటికి మొవ్వు వస్తుంది చూశారా, అలా మాన్‌స్టెరా కొత్తాకు లంక పొగాకు చుట్టలా బిగుసుకుని బయటికొస్తుంది. సోమవారం కొస కనబడుతుంది. మంగళవారం బెత్తెడు. బుధవారం పొద్దున్న కాఫీ గ్లాసుతో వెళ్తే ఒక అంచు విడిపోయి ఉంటుంది. లోపల కిటికీలు, అవే ఆ చిల్లులు, అప్పటికే కత్తిరించి పెట్టినట్టు సిద్ధంగా ఉంటాయి. రంగు లేత చిలకపచ్చ. ముట్టుకుంటే పసిపిల్లల చెవి. తొమ్మిదింటికి ఆఫీసు మీటింగ్‌లో ఎవరేం మాట్లాడుతున్నారో వినపడదు, మనసంతా అక్కడే ఉంటుంది. సాయంత్రం మా ఆయన్ని పిలిచి చూపిస్తే, "ఆకే కదా" అన్నారు. అవునండీ, ఆకే. సంవత్సరానికి నాలుగైదు వేస్తుంది, నేను ప్రతిదానికీ ఇంతే.

ఇంకో వింత మరాంటా కుటుంబంలోని కలాథియాది. రాత్రయితే చింతాకులా ముడుచుకుని నిలబడుతుంది, తెల్లారి మళ్లీ చాప పరిచినట్టు పరుచుకుంటుంది. కాడ చివర చిన్న కీలు లాంటి భాగం నీటితో ఉబ్బి, తగ్గి ఈ పని చేస్తుంది. రాత్రి పదకొండింటికి లైటార్పబోతే గరగర చప్పుడు. కొత్తలో బొద్దింక అనుకుని చెప్పు తీశాను.

ఇలాంటివి రెండు మూడు అలవాటయ్యాక మొదలవుతుంది ఇందాక చెప్పిన దురద. ఇంకో కొత్తాకు రావడానికి నెలలు పడుతుంది, కొత్త మొక్క కొనడానికి అరగంట చాలు. సిద్ధాపుర వైపు మీరెప్పుడైనా వెళ్లారా? లాల్‌బాగ్ పక్కనే, వరసగా నర్సరీలు. జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ గాజు భవనంలో పూల ప్రదర్శన చూసి, ఊరికే నడుచుకుంటూ అటు వెళ్తాం. ఊరికే అనేది అబద్ధం, సంచీ ఇంటినుంచే తీసుకెళ్తాం. ఒకసారి ఫిలోడెండ్రాన్ 350కి బేరమాడి, ఎక్కణ్నించి తెచ్చారని కన్నడంలో అడిగితే, అబ్బాయి నవ్వి తెలుగులో, "కడియం నుంచి మేడమ్, లారీలో వచ్చింది" అన్నాడు. కడియం నా పుట్టింటికి నాలుగు కిలోమీటర్లు. ఆ మొక్కా నేనూ ఒకే దారిన వచ్చాం, అది నాకంటే హాయిగా వచ్చింది.

అక్కణ్నించి దిగజారడం తేలిక. పార్సిల్ ఆఫీసు చిరునామాకి తెప్పించడం. కొత్త కుండీని పాతవాటి వెనక పెట్టి "ఇది ఎప్పటిదో" అనడం. అతిథుల గది 'పడమటి కిటికీ గది' అయిపోవడం. మా అత్తగారొస్తే పడుకున్న మంచం మీద ఆంథూరియం ఆకు వాలి ఉండేది. పాపం ఆవిడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి పడుకుందట.

పప్పు గిన్నెలో సన్నటి నల్ల దోమలు తేలిన రోజు మా ఇంట్లో పెద్ద గొడవ. ఫంగస్ నాట్స్ అంటారు వాటిని. ఎప్పుడూ తడిగా ఉండే మట్టి పైపొరలో పెరుగుతాయి. పై అంగుళం ఎండేదాకా నీళ్లు మానేసి, పసుపు జిగురు అట్టలు గుచ్చితే నెలకి తగ్గాయి. పిండినల్లి అయితే రాత్రి పదింటికి చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు స్పిరిట్‌లో ముంచి, కణుపు కణుపూ తుడిచాను. ఆ పని చేస్తున్నప్పుడు లెక్కపెట్టుకుంటే గుర్తొచ్చింది, ఆ వెనక వరస మొక్కల్ని నెల రోజులుగా చూడనే లేదని. తెగులు రావడానికి అదే అదను.

2024 మార్చిలో బెంగళూరుకి నీళ్ల కరువొచ్చింది. కావేరి తాగునీళ్లు తోటలకి పోసినా, కార్లు కడిగినా 5,000 జరిమానా అని జలమండలి చెప్పింది. ఆ రెండు నెలలు బియ్యం, కూరలు కడిగిన నీళ్లే పోశాను. చిత్రమేంటంటే, ఒక్క మొక్కా ఎండి చావలేదు. అంతకుముందు చచ్చినవన్నీ నా చేతి నీళ్లెక్కువై చచ్చినవే. వేళ్లకి గాలి కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే ఊపిరాడక కుళ్లుతాయి. వీటిలో సగం చెట్ల మొదళ్ల మీద పాకే తీగలు కాబట్టి ఉత్త తోటమట్టి అసలే పనికిరాదు. కొబ్బరి పొట్టు, పెర్‌లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు, కొంచెం వర్మీకంపోస్ట్, దొరికితే బెరడు ముక్కలు కలపండి.

ఇవన్నీ గాలిని శుభ్రం చేస్తాయి కదా అంటారేమో. నేనూ మా ఆయనతో అదే వాదించేదాన్ని. ఆ మాటకి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం, అదీ మూసేసిన చిన్న పెట్టెల్లో. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి ప్రయోగాలన్నీ మళ్లీ లెక్కగట్టి, తలుపులూ కిటికీలూ చేసే పనికి సాటి రావాలంటే ప్రతి చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలన్నారు. మా హాలు పదిహేను చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ 150. అంటే ఇంకో 67 కొనాలి. ఈ లెక్క మా ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది. స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తుందనే వాట్సాప్ ముచ్చటా అంతే. రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి దాచుకునే మాట నిజం. ఆక్సిజన్ తయారయ్యేది మాత్రం వెలుగున్నప్పుడే.

(తెర మీద: సగం తెలుపు, సగం ఆకుపచ్చ ఆకు, దగ్గరగా.)

మరి ఆరున్నర వేలు దేనికి? ఈ తెల్ల మచ్చకి. తెల్లగా ఉన్నచోట పత్రహరితం లేదు, అంటే వంట చెయ్యదు. ఆకుపచ్చ భాగం వండి దానికీ పెట్టాలి. ఇద్దరు సంపాదిస్తే నలుగురు తినే ఇల్లు. అందుకే ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, అందుకే అరుదు, అందుకే ధర. 2021లో న్యూజిలాండ్‌లో ఆన్‌లైన్ వేలంలో తెల్ల మచ్చల రాఫిడోఫోరా టెట్రాస్పెర్మా, తొమ్మిది ఆకులది ఒకటి, 19 వేల న్యూజిలాండ్ డాలర్లు దాటింది. మన డబ్బులో దాదాపు పది లక్షలు. అదీ కంద చుట్టమే.

మచ్చలకి మనిషి పడిపోవడం కొత్తేం కాదు. 1630ల్లో హాలండ్‌లో చారల తులిప్ దుంపల కోసం జనం ఇలాగే ఎగబడ్డారు, 1637 ఫిబ్రవరిలో ధర కుప్పకూలింది. ఆ చారలు వైరస్ వల్ల వచ్చినవని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. అమ్మని అక్కడికి తీసుకెళ్లి ఉంటే ఒక్క చూపులో చెప్పేది. నా అలొకేషియా మచ్చ మాత్రం తెగులు కాదు, కణాల్లో వచ్చిన మార్పు. అయితే అది స్థిరం కాదు. పచ్చ కణాలు బలంగా పెరిగి, ఏదో ఒక రోజు కొత్తాకులన్నీ పచ్చగానే వస్తాయి. ఆరున్నర వేలు మామూలు మొక్కయిపోతుంది.

ధరల్ని దించింది టిష్యూ కల్చర్. మన అరటి రైతులకి ఎప్పటినుంచో తెలిసిన సంగతే, ప్రయోగశాలలో చిన్న కణజాలం ముక్క నుంచి వేల మొక్కలు. నా మొక్కనే నిరుడు పదకొండొందలకి చూశాను. ఎదురుచూసేవాళ్లకి లాభం. నాకు ఎదురుచూడ్డం రాదు.

కొనేవాళ్లకి ఒక్క మాట. తీగ ముక్క కొంటే కణుపు ఉందో లేదో చూడండి. కణుపు లేని ఆకు నీళ్లలో వేళ్లేసి ఏడాది బతుకుతుంది గానీ మొవ్వు వెయ్యదు. పింక్ కాంగో అని గులాబీ రంగు ఆకుల ఫిలోడెండ్రాన్ చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఆ రంగు మందు పెట్టి తెప్పించింది, కొన్ని నెలలకి కొత్తాకులు పచ్చగా వస్తాయి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర రెండు వేలకి నేర్చుకున్నానీ పాఠం.

(తెర మీద: బోడి కుండీ.)

ఒక డిసెంబరులో బెంగళూరు చలికి నా ఫ్రైడెక్ అలొకేషియా ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలాయి. కంగారులో ఇంకా నీళ్లు పోశాను. కాడ మెత్తబడింది. చెత్తబుట్టలో వేయబోతుంటే, సంక్రాంతయ్యాక వచ్చిన అమ్మ కుండీ లాక్కుని పాత పేపర్ మీద బోర్లించింది. కుళ్లిన వేళ్ల మధ్య వేలు పెట్టి కెలికి, శనగ గింజలంత నాలుగు దుంపలు తీసింది. "చేమ పిలకలెయ్యదా ఏంటి?" అంది. నేను పది వీడియోలు చూసి, దాని లాటిన్ పేరు నేర్చుకుని, మట్టి తవ్వి చూడాలని మాత్రం తోచలేదు.

తడి కొబ్బరి పొట్టు, పెరుగు డబ్బా, పైన మూత, ఫ్రిజ్ మీద వెచ్చటి చోటు. మూడు వారాలకి రెండు మొలిచాయి. ఒకటి నాది, ఇప్పుడు కిటికీ దగ్గర మూడో ఆకు మీద ఉంది, చారెడు తెలుపుతో. రెండోది అమ్మ స్టీలు డబ్బాలో పెట్టుకుని శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్లి, పెరట్లో కుళాయి గట్టు పక్కన చేమ వరసలో పాతింది.

పోయిన నెల ఫోన్ చేసింది.

"ఏమే, నీ మొక్క బానే నాటుకుంది. మూరెడు ఆకులు వేసింది. తెగులు కూడా పోయింది, తెల్లమచ్చ ఒక్కటి లేదు."

(తెర మీద: అమ్మ పంపిన ఫోటో. చేమల మధ్య నిగనిగలాడే పచ్చటి ఆకు.)

"కూర మాత్రం వండకమ్మా," అన్నాను, "అది తినే రకం కాదు."