సమతాస్థితికి చేరే అడుగులు
(విజయవాడలో గణిత విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడి నుంచి కారులో మంగళగిరి వెళ్లాలంటే కృష్ణ దాటాలి. కొందరు ప్రకాశం బ్యారేజీ మీదుగా పోతారు, కొందరు కనకదుర్గ వారధి ఎక్కుతారు. ఒకచోట జామ్ అయితే రెండోవైపు మళ్లుతారు. అలా మళ్లి మళ్లి, ఇక ఎవరు దారి మార్చుకున్నా టైమ్ కలిసిరాని స్థితి వస్తే, దాన్నే 1952లో రవాణా పరిశోధకుడు వార్డ్‌రప్ ట్రాఫిక్ సమతాస్థితిగా నిర్వచించాడు. 1950లో గణితజ్ఞుడు నాష్ ఆటగాళ్లు పోటీపడే ఆటల గురించి చెప్పిందీ ఇలాంటిదే.

దీన్ని మామూలు కనిష్ఠ సమస్యగా, అంటే ఒక ప్రమేయం విలువను వీలైనంత తగ్గించే సమస్యగా, మార్చేయొచ్చు కదా అంటారేమో. ఒక దారి రద్దీ ఇంకోదాన్ని తాకకపోతే మార్చవచ్చని 1956లోనే బెక్‌మన్, ఆయన సహ రచయితలు చూపించారు. కానీ జంక్షన్లలో ఒకవైపు బండ్లు రెండోవైపు బండ్లను ఆపేస్తాయి. అప్పుడు ఆ సౌకర్యం పోవచ్చు. ఇలాంటి సమస్యలన్నిటికీ 1994లో బ్లూమ్, ఓట్లి ఒకే చట్రం ఇచ్చారు. మనం ఉన్న చోటు ఒకటి, మారాలనుకునే చోటు ఇంకొకటి. మారితే ఖర్చు ఎంత పెరుగుతుందో ఒక ప్రమేయం చెబుతుంది. ఎక్కడికి మారినా ఆ విలువ సున్నా కంటే తగ్గని చోటే సాధన.

దాన్ని కనుక్కోవడం ఎలా? ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఉంది. కాగితం తీసుకోండి.

ఇద్దరు ఆటగాళ్లు. ఒకరు ఎక్స్ ఎంచుకుంటారు, ఇంకొకరు వై. మొదటివారికి ఎక్స్, వైల లబ్ధం తగ్గాలి, రెండోవారికి పెరగాలి. సమతాస్థితి (0, 0). మనం (1, 0) దగ్గర మొదలుపెట్టి, 0.5 అడుగుతో ఎవరి వాలు (ఎటు కదిలితే తమకు ఎంత లాభమో చెప్పేది) వెంట వారిని నడిపిద్దాం. ఎక్స్ కదలదు, వై 0.5 అవుతుంది. చేరింది (1, 0.5). మూలబిందువు నుంచి దూరం 1 ఉండేది, 1.118 అయింది! ఇలాగే పోతే మూలబిందువు చుట్టూ చక్కర్లు కొడుతూ ఇరవై అడుగులకు దూరం 9 దాటుతుంది. అడుగు ఎంత చిన్నది చేసినా పెరగడం ఆగదు.

1976లో గలీనా కొర్పెలెవిచ్ చెప్పిన ఉపాయం చూడండి. (1, 0.5) దాకా వెళ్లాలి, కానీ అక్కడ ఆగకూడదు. అక్కడి వాలును మాత్రం చూసుకుని, తిరిగి (1, 0) నుంచి ఆ వాలుతో అడుగు వేయాలి. అప్పుడు (0.75, 0.5)కి చేరతాం. దూరం 0.901. ఇరవై సార్లకు సుమారు 0.125. ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం!

క్లాసులో సమీకరణాల మూలాలు వెతికే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి దగ్గరే ఆగిపోకుండా దీన్ని కూడా చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. రెండు నెట్‌వర్కులు పోటీపడి నేర్చుకునే ఏఐ మోడళ్లలోనూ ఇలాంటి చక్కర్లే ఎదురవుతాయి.

ఖర్చు ఉంది. ప్రతి ఇటరేషన్‌కు వాలు రెండుసార్లు లెక్కించాలి, నిబంధనలుంటే ప్రక్షేపం (హద్దు దాటిన బిందువును హద్దులోని అతి దగ్గరి బిందువుకు తేవడం) కూడా రెండుసార్లు చేయాలి. 1980లో పోపోవ్ పాత వాలునే మళ్లీ వాడి ఒక లెక్క తగ్గించాడు. 2011లో సెన్సర్, గిబాలి, రైక్ రెండో ప్రక్షేపాన్ని ఒక అర్ధతలం (ఒక సరళమైన హద్దుకు ఒకవైపున్న భాగం) మీదికి మార్చారు. అది సూత్రంతో ఒక్క వరుసలో వచ్చేస్తుంది.

అసలు టెన్షన్ అడుగు పరిమాణంతోనే. అది లిప్షిట్జ్ స్థిరాంకం (వాలు ఎంత వేగంగా మారగలదో చెప్పే సంఖ్య) విలోమం కంటే తక్కువ ఉండాలి, కానీ నిజమైన సమస్యల్లో ఆ స్థిరాంకం ఎంతో ముందుగా తెలియదు. అందుకే నడుస్తూ నడుస్తూ అడుగును సవరించుకునే పద్ధతులు వచ్చాయి. మన ఉదాహరణలో ఆ స్థిరాంకం 1. ఇంటికెళ్లాక అడుగు 0.5కు బదులు 1 పెట్టి చేయండి: దూరం తగ్గదు, పెరగదు. 1.1 పెడితే మళ్లీ పారిపోతుంది.