భయపడే పాము, తొందరపడే చెయ్యి

(నెల్లూరులో పాములు పెంచుకునే యువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. మన పొలాల్లో తిరిగే జెర్రిపోతు, నాగుపాము, కొండల్లో ఉండే కొండచిలువ, వీటిలో ఏదీ ఇంట్లో పెట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. కలిసొస్తుందని రెండు తలల పాముకు లక్షలు పోసేవాళ్ళున్నారు. కలిసొచ్చేది కేసే. మీలో చాలామంది పెంచుకునే బాల్ పైథాన్ విదేశీ కొండచిలువ, పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. దాన్ని పెంచుకునేవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపించని వాడి దగ్గర కొనకండి.

ఇక మీలో చాలామంది అడిగే ప్రశ్న. "అన్నా, తెచ్చి నెలయింది, చెయ్యి పెడితే ఇంకా బుస కొడతానే ఉంది. దీనికి కోపం ఎక్కువా?"

కోపం కాదు, భయం. పాములను తన్నుకుపోయే గద్ద పైనుంచే దిగుతుంది. మీరు మూత తీసి పైనుంచి చెయ్యి దించితే దానికి తేడా ఎలా తెలుస్తుంది? పైగా బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చీకట్లో వెచ్చటి చెయ్యి దగ్గరికొస్తే అది శత్రువో ఎలుకో తేల్చుకోలేక కాటేస్తుంది. అందుకే పక్కనుంచి, మెల్లగా రావాలి. ముందు ఒక కాగితపు చుట్టతో ఒంటిని తాకండి. అలా తాకితే తిండివేళ కాదని కొన్నాళ్ళకు దానికి అర్థమవుతుంది. తర్వాత నడుము కింద చెయ్యి పోనిచ్చి, బరువంతా ఆనేలా ఎత్తండి. తల పట్టుకోవద్దు, తోక పట్టి లాగొద్దు. చేపల పులుసు తిన్న చెయ్యి ఎలాగూ కడుక్కుంటారు. ఎలుకను ముట్టిన చెయ్యి కూడా సబ్బుతో కడుక్కునే పాము దగ్గరికి వెళ్ళండి.

కొత్తగా తెచ్చిన పామును ఒకటి రెండు వారాలు అసలు ముట్టుకోవద్దు. రెండు మూడుసార్లు సరిగా తిన్నాకే మొదలుపెట్టండి. తిన్న తర్వాత రెండు రోజులు కదిలించకూడదు, కక్కేస్తుంది. కళ్ళు పాలిపోయి నీలంగా కనిపిస్తే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, వదిలేయండి. మొదట్లో ఐదు నిమిషాలు చాలు, వారానికి రెండు మూడుసార్లు.

ఇక్కడ నేను ఎక్కువగా చూసే పొరపాటు ఒకటి చెప్పాలి. చేతిలో పాము కదలకుండా ఉంటే "మచ్చికైపోయింది" అని ఫొటో దిగుతారు. కదలనంత మాత్రాన నెమ్మదించినట్టు కాదు. తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోయిందంటే అది హడలిపోయి ఉంది. ఒళ్ళు బిగుసుకుపోయి, నాలుక ఆడించడం మానేసినా అంతే. నెమ్మదించిన పాము నింపాదిగా నాలుక ఆడిస్తూ, వేళ్ళ మీదుగా పాకుతూ చుట్టూ పరిశీలిస్తుంది. మెడను ఎస్ అక్షరంలా వెనక్కి లాగితే మాత్రం కాటుకు సిద్ధంగా ఉందని. అప్పుడు చెయ్యి విదిలించకండి, కదలకుండా ఆగండి. అది సర్దుకున్నాక లోపల పెట్టేయండి. నన్నడిగితే, పెట్టె తలుపు తీసి చెయ్యి అక్కడ ఆనించి కూర్చోవడం అన్నిటికన్నా మంచిది. రావాలనిపిస్తే అదే వస్తుంది. ఓపిక లేనివాళ్ళు చేపలు పెంచుకోండి, తప్పులేదు.

చేతితో అలవాటు చేయడానికి ముందు పెట్టె బాగుండాలి. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, ఒళ్ళు ఆనేంత ఇరుకుగా రెండు దాక్కునే చోట్లు ఉండాలి. అంచులు అరగదీసిన మట్టికుండ ముక్క బోర్లించినా సరిపోతుంది. దాక్కునే చోటు లేని పాము రోజంతా టెన్షన్‌లోనే ఉంటుంది, మీరు చెయ్యి పెట్టకపోయినా. వెచ్చని వైపు 31, 32 డిగ్రీలు చాలు. విదేశీ వీడియోలన్నీ హీటర్ల గురించే చెబుతాయి. మన రోహిణి కార్తెలో సమస్య తిరగబడుతుంది. గదే 40 దాటితే హీటు ప్యాడ్ ఆపేయాలి, పెట్టెను చల్లని గదిలోకి మార్చాలి. కరెంటు పోయిన మధ్యాహ్నం పామును బయటికి తీసి ఆడించొద్దు. ఏసీలో గాలి ఎండిపోతుంది, కుబుసం ముక్కలుగా ఊడుతుంది, ఆ చిరాకు చేతి మీదే చూపిస్తుంది.

ఎంత చేసినా కొన్ని పాములు చేతికి అలవాటుపడవు. వాటిని చూసి ఆనందించండి. అలవాటుపడినవి కూడా కుక్కలా మీ కోసం ఎదురుచూడవు, మీ వల్ల ప్రమాదం లేదని ఊరుకుంటాయి. అది కూడా తక్కువేం కాదు.

పాము ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి, దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వనే వద్దు.

చివరిగా, ఇంట్లో వచ్చిన ఈ ధైర్యాన్ని పొలం గట్టు మీదికి తీసుకెళ్ళకండి. అక్కడ కనిపించేది కట్లపామో రక్తపింజరో కావచ్చు. కట్లపాము కాటుకు నొప్పి కూడా పెద్దగా తెలియదు. కాటు పడిందేమోనని అనుమానం వచ్చినా సరే, పాము విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికే పరుగెత్తండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.