వేలాడే వంతెనను బిగించి కడితే ఏమవుతుంది?

[డాబా మీద, రెండు ఇనప రాడ్ల మధ్య కట్టిన దండెం పక్కన]

నమస్తే అండీ, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. రెయిన్‌ఫారెస్ట్‌లో చెట్ల తలల మధ్య కట్టిన వేలాడే వంతెనల వీడియో మా వాళ్లకి ఎవరికి చూపించినా మొదట వచ్చే మాట ఒకటే. "ఏందబ్బా అట్టా కిందికి జారిపోయింది, ఇంకాస్త లాగి కట్టుంటే సరిపోయేది గదా!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అలా లాగి కడితేనే అది తెగేది.

ఈ దండేన్నే చూడండి. 8 మీటర్ల తీగ. సరిగ్గా మధ్యలో తడి దుప్పటి వేశాం, 8 కిలోలు అనుకోండి. తీగ 40 సెంటీమీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు ఆ తీగ ఈ రాడ్డును లాగే బలం దాదాపు 40 కిలోలు. దుప్పటేమో 8 కిలోలే! సరే, దుప్పటి అంచు నేలకి తగులుతోందని ఇంట్లో వాళ్లు బిగించమంటారు. 10 సెంటీమీటర్లే దిగేలా బిగించాం, లాగుడు 160 కిలోలయింది. 5 సెంటీమీటర్లకి తెస్తే 320. దుప్పటిని పైకి పట్టి ఉంచేది తీగకున్న ఆ వాలు ఒక్కటే, వాలు తగ్గేకొద్దీ అదే బరువు మొయ్యడానికి తీగ ఇంకా ఇంకా గట్టిగా లాక్కోవాల్సి వస్తుంది. దిగుడు సగమైతే లాగుడు రెండింతలు, లెక్క అంతే. పాత డాబాల మీద దండెం రాడ్లు లోపలికి వంగిపోయి ఉంటాయి చూడండి, ఆ వంపు బట్టల బరువుతో వచ్చింది కాదు, బిగించడంతో వచ్చింది.

ఇప్పుడు ఈ దండేన్ని 40 మీటర్లు చేయండి, దుప్పటి బదులు 60 కిలోల మనిషిని మధ్యలో నిలబెట్టండి. 2 మీటర్ల దిగుడు ఉంటే ఆ మనిషి వల్ల కేబుల్‌కి అదనంగా పడే లాగుడు 300 కిలోలు. 20 సెంటీమీటర్లకి బిగిస్తే 3 టన్నులు, అదీ ఒక్క మనిషికి.

ఇక రాడ్డు సంగతి. అడవిలో చాలాచోట్ల రాడ్డు అంటే బతికున్న చెట్టు. ఘనాలోని కాకుమ్ నేషనల్ పార్కులో 1995లో కట్టింది తీసుకోండి, 350 మీటర్ల పొడవున 7 వంతెనలు, కొన్నిచోట్ల 40 మీటర్ల ఎత్తు. అల్యూమినియం నిచ్చెనలు పడుకోబెట్టి వాటి మీద చెక్కలు పరిచారు, రెండు వైపులా వల. చెట్టు గాలికి ఊగుతుంది, ఏటా లావెక్కుతుంది. దండెం బిగుతుగా ఉంటే ఈ చెట్టు అటు, ఆ చెట్టు ఇటు ఊగినప్పుడు దెబ్బంతా కేబుల్ మీదే పడుతుంది. వదులు ఉంటేనే సర్దుకుంటుంది. ఇంకో మాట, చెట్టు చుట్టూ తీగ నేరుగా చుట్టి వదిలేస్తే బెరడులోకి కోసుకుపోతుంది. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగే పొర బెరడులోనే ఉంది కాబట్టి మెల్లగా చెట్టే చచ్చిపోతుంది, పొదలకూరు నిమ్మతోటల వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే మధ్యలో చెక్క దిమ్మెలు పెట్టి, చెట్టు లావెక్కేకొద్దీ సడలిస్తూ ఉంటారు. కాండం చుట్టూ బిగించడం కన్నా కాండంలోంచి ఒక్క బోల్టు దింపడమే చెట్టుకు తక్కువ నష్టం. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ నిజం.

[క్లోజప్: కేబుల్ చివర]

మరి దేనికి భయపడాలి? ఇదిగో, ఇక్కడ. కేబుల్ చివర వెనక్కి మడిచి యు ఆకారపు క్లిప్పులు వేస్తారు. మడిచిన పొట్టి కొస మీద యు బోల్టు ఉండాలి, బరువు మోసే పొడుగు తీగ కింద గాడి ఉన్న మందపాటి దిమ్మె ఉండాలి. తిరగేసి వేస్తే బోల్టు వెళ్లి బరువు మోసే తీగనే నలిపేస్తుంది. ఒక్క క్లిప్పుతో సరిపెట్టారా అన్నది కూడా చూడండి. తర్వాత తుప్పు. 2022 అక్టోబర్ 30న గుజరాత్‌లోని మోర్బీలో వంతెన కూలి 135 మంది పోయారు. ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది, పైగా పరిమితి లేకుండా జనాన్ని ఎక్కించారు. పాపం పండగ సెలవులకి వచ్చిన పిల్లలు వాళ్లలో ఎందరో. ఊగడం చూసి ఎవరూ చచ్చిపోరండీ, తుప్పు చూడకపోతే చచ్చిపోతారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. అందరూ ఒకే అడుగు వేస్తే ఊపు పెరుగుతుంది. 1831లో ఇంగ్లండ్‌లోని బ్రాటన్ వేలాడే వంతెన సైనికుల కవాతుకే కూలింది, అప్పటినుంచి వంతెనల మీద అడుగు కలపొద్దని అక్కడి సైన్యానికి ఉత్తర్వు. కాబట్టి ఎడం పాటించండి, తాడు పట్టుకుని మామూలుగా నడవండి.

అసలు పైకెందుకు ఎక్కాలంటే, ఈ అడవుల్లో నేల దాకా దిగే వెలుగు నూటికి ఒకటి రెండు వంతులే. ఆకు, పువ్వు, కాయ, వాటిని తినేవి, అన్నీ పైనే. టెర్రీ ఎర్విన్ అనే శాస్త్రవేత్త పనామాలో ఒకే జాతి చెట్లు 19 తీసుకుని పైన పురుగుమందు పొగ పెడితే వెయ్యికి పైగా రకాల పెంకుపురుగులు రాలాయి. 1982లో ఆ లెక్కతోనే ఆయన భూమ్మీద కీటకాలూ వాటి బంధువర్గమూ కలిపి 3 కోట్ల జాతులుండొచ్చని అంచనా వేశాడు. తర్వాతి వాళ్లు ఆ అంకెను బాగా తగ్గించారు, కానీ జనం తలెత్తి పైకి చూడటం మొదలైంది మాత్రం అక్కడినుంచే అంటాను నేను.

మలేషియాకో కోస్టారికాకో వెళ్లే వీలుంటే పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో ఎక్కండి, ఎండ ముదిరితే పక్షులు కనిపించవు. ఫోటోలు తీసుకోవాలంటే చెట్టు చుట్టూ ఉండే ప్లాట్‌ఫామ్ మీద ఆగండి, వంతెన మధ్యలో కాదు.