టర్కిష్ వ్యాకరణ యాప్ రివ్యూ: ఒక్క ‘న్’ దగ్గరే తేలిపోయింది

అందరికీ నమస్కారం. ఈ టర్కిష్ వ్యాకరణ యాప్‌కు ఏడాది చందాను దాని తయారీదారులే నాకు ఉచితంగా ఇచ్చారని ముందే చెబుతున్నాను. పాఠాలెన్ని, ధరెంత అన్న వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను.

ఆరు విభక్తులనూ ఇది చక్కగానే నేర్పుతుంది. ద్వితీయా విభక్తి పాఠమైతే నాకెంతో నచ్చింది. ‘కితాప్ ఒకుదుమ్’ అంటే ఏదో పుస్తకం చదివానని, ‘కితాబి ఒకుదుమ్’ అంటే ఫలానా పుస్తకాన్ని చదివానని అర్థం. ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ అని రెండు విధాలుగానూ అనే మనకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

నా చిరాకంతా సంబంధ ప్రత్యయాల అధ్యాయం మీదే. టర్కిష్‌లో ‘నా’, ‘నీ’, ‘అతని’ అనేవి నామవాచకం చివర చేరుతాయి, విభక్తి ఆ తరువాతే వస్తుంది. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘ఎవిమ్’ నా ఇల్లు, ‘ఎవిమ్‌దె’ నా ఇంట్లో. ‘ఎవిన్’ నీ ఇల్లు కనుక ‘ఎవిన్‌దె’ అంటే నీ ఇంట్లో. అతని ఇల్లు ‘ఎవి’. దానికి ‘దె’ చేర్చేటప్పుడు నడుమ ఒక ‘న్’ వచ్చి పడుతుంది కాబట్టి అదీ ‘ఎవిన్‌దె’యే అవుతుంది. ఏ అర్థమో సందర్భం చెప్పాలి, లేదా ముందు ‘సెనిన్’ (నీ) అనో ‘ఒనున్’ (అతని) అనో ఉండాలి. ఈ యాప్ మాత్రం ముందూ వెనుకా ఏమీ లేకుండా ‘ఎవిన్‌దె’ను తెర మీద పెట్టి, ‘అతని ఇంట్లో’ అని జవాబిస్తే తప్పని ఎర్ర గుర్తు వేస్తుంది! అచ్చుతో ముగిసే ‘అరబా’ను, అంటే కారును, అడిగి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు: ‘అరబన్‌దా’ నీ కారులో, ‘అరబసిన్‌దా’ అతని కారులో. అచ్చుల పొంతన కోసం ‘దె’ ఇక్కడ ‘దా’ అయింది, అంతే.

పైగా ఆ ‘న్’ను ఏదో మినహాయింపు అన్నట్టు ఒక్క వాక్యంలో దాటవేశారు. ఇస్తాంబుల్‌లో దిగిన వారికి అడుగడుగునా దానితోనే పని. అక్కడి గలతా టవర్‌ను ‘గలతా కులెసి’ అంటారు. ‘కులె’ అంటే టవర్, చివరి ‘సి’ సంబంధ ప్రత్యయం. అందుకే అక్కడ ఉన్నామనడానికి ‘కులెసిన్‌దె’, అక్కడికి అనడానికి ‘కులెసినె’ అనాలి. అలీ అనే పేరూ ఇకారంతోనే ముగుస్తుంది, అయితే అది ప్రత్యయం కాదు కనుక ‘అలీదె’ అంటే చాలు. ఇంత తేటగా చెప్పగలిగిన సంగతిని చెప్పకుండా వదిలేయడాన్ని నేను క్షమించలేను.

నేను ఇంతకుముందు వాడిన ఉజ్బెక్ పాఠ్యపుస్తకానికి ఈ తిప్పలు లేవు, ఎందుకంటే ఆ భాష ఇలాంటి చోట ‘న్’ను వదిలించుకుంది: ‘ఉయిదా’ అతని ఇంట్లో, ‘ఉయింగ్‌దా’ నీ ఇంట్లో. అజర్‌బైజానీ మాత్రం టర్కిష్ లాగే దాన్ని నిలుపుకుంది.

ఉచ్చారణ రికార్డింగులు బాగున్నాయి, తెర కంటికి ఇంపుగా ఉంది, అయినా డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను. విభక్తుల పాఠాలన్నీ ఉచిత భాగంలోనే దొరుకుతాయి. వాటిని పూర్తిచేసి, సంబంధ ప్రత్యయాల దగ్గర ఆపేసి, ఆ అధ్యాయాన్ని ఏదైనా మంచి వ్యాకరణ పుస్తకంలో చదువుకోండి.