బాలానగర్ సీతాఫలాలు, జడ్చర్ల గానుగ నూనె: దసరా సెలవుల్లో మా పాలమూరులో ఒక రోజు

నమస్తే అండి అందరికీ. దసరాకు అమెరికాలోని కొలంబస్ నుంచి మా ఊరొచ్చాం. మాది జడ్చర్ల దగ్గర చిన్న పల్లె. ఒహాయోలో ఉన్న మా వదిన, ఆమె స్నేహితులు "ఊర్లో ఏమేం తింటున్నారో చూపించు" అని రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు. అందుకే ఈ వీడియో. ముందు బాలానగర్‌లో సీతాఫలాలు, తర్వాత జడ్చర్లలో గానుగ నూనె, సాయంత్రానికి మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు. ఇదీ ప్లాన్.

బెంగళూరు హైవే మీద బాలానగర్ చౌరస్తా దాటిన వాళ్లందరికీ ఈ గంపలు తెలుసు. మహారాష్ట్రలో కూడా సీతాఫలం తోటల్లో "బాలానగర్" అనే రకం వేస్తారు. ఆ పేరు మా జిల్లాదే. ఇది చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం. ఇక్కడ గంపల్లోకి వచ్చేవాటిలో చాలా వరకు గుట్టల మీద వాటంతట అవి పెరిగిన చెట్ల కాయలే. నీళ్లు పోసేవాళ్లు లేరు, మందు కొట్టేవాళ్లు లేరు. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా ముట్టవు.

చౌరస్తా దగ్గర గంప ముందు కూర్చున్న ఒక పెద్దమ్మ నన్ను ధర కంటే ముందు అడిగిన మాట: "ఇయ్యాల తింటరా, రేపు తింటరా బిడ్డా?"

కొన్ని ఇవాళ్టికి, కొన్ని రేపటికి, కొన్ని ఎల్లుండికి కావాలన్నాను. ఒక్కో కాయను చేతిలోకి తీసుకుని, కన్ను బాగా విచ్చి సందుల్లో తెలుపు తేలినవి ఒక పక్క, ఇప్పుడిప్పుడే విచ్చుతున్నవి ఇంకో పక్క పెట్టింది. గట్టివి అడుగున పేర్చి "ఇవి బియ్యంల పెట్టు" అంది. ఎక్కడా నొక్కి చూడలేదు, చూపుతోనే చెప్పేసింది. గంప 300 రూపాయలు, అంటే దాదాపు మూడున్నర డాలర్లు. కొలంబస్ సూపర్‌మార్కెట్‌లో చెరిమోయా అని ఇదే జాతి పండు ఒకటి దొరుకుతుంది, చర్మం కొంచెం నున్నగా ఉంటుంది. ఒక్క కాయ 8 డాలర్లు, మన లెక్కలో 700 రూపాయలు. అది ఎప్పుడు తినాలో చెప్పే మనిషి అక్కడ ఉండదు. ఇండియన్ స్టోర్‌లో అయితే గడ్డకట్టిన గుజ్జు డబ్బానే.

అక్కడి పల్లెల్లో కూడా మంచి పద్ధతులున్నాయి. రోడ్డు పక్కన బల్ల మీద మక్క కంకులు, టమాటాలు పెట్టి, ధర రాసి, ఒక డబ్బా పెడతారు. మనుషులెవరూ ఉండరు. మనమే డబ్బు అందులో వేసి తీసుకెళ్లాలి. అంత నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ డజను కంకులు తీసుకుని ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా కారెక్కినప్పుడు నాకు ఇల్లు చాలా గుర్తొస్తుంది. ఇంకోటి, కొందరు రైతులకు సీజన్ మొదట్లోనే 500, 600 డాలర్లు కడితే వారం వారం ఒక పెట్టె కూరగాయలు ఇస్తారు. అంటే 45, 50 వేల రూపాయలు ముందే! పంట పోతే మన పెట్టె కూడా చిన్నదవుతుంది. రైతు నష్టంలో కొనేవాడికీ భాగం అన్నమాట.

ఈ పెద్దమ్మ నష్టంలో ఎవరికీ భాగం లేదు. చీకటితోనే గుట్టెక్కి కోసుకొచ్చిన కాయ రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. సాయంత్రం మిగిలిన పండు ఆమెకు దండగే. మేమక్కడ ఉండగానే పెద్ద కారులో వచ్చిన ఒకాయన 300 గంపను 150కి ఇమ్మని చాలాసేపు వాదించాడు. నాకు నిజంగా బాధేసింది. దయచేసి ఇక్కడ బేరం ఆడకండి. అడిగినంత ఇచ్చినా ఆమే కొసరు వేస్తుంది. మాకు మూడు కాయలు ఎక్కువే వేసింది. మా పాప కంగారుగా "అమ్మా, ఆంటీ లెక్క తప్పింది, తిరిగిచ్చేద్దాం" అంది. పెద్దమ్మ నవ్వి, పండొకటి విప్పి దాని చేతిలోనే పెట్టింది.

జడ్చర్లలో గానుగ. ఎద్దులు తిప్పేది కాదు, మోటారుదే, కానీ రోలు చెక్కది. నాన్న యాసంగిలో పండించి దాచిన పల్లీలు తీసుకెళ్లాం. పది కిలోలు పోస్తే నాలుగు కిలోల దాకా నూనె వస్తుంది. నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క కూడా మనదే, మా బర్రెకు. గానుగ నిదానంగానే తిరగాలి, వేగం పెంచితే నూనె వేడెక్కి వాసన మారుతుంది. ఇలాంటి నూనె కొలంబస్‌లో లీటరు 18 డాలర్లు, అంటే 1,500కు పైనే.

అక్కడే మా ప్లాన్ మారిపోయింది. గానుగ పెద్దాయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడట. "మీరు కూడా అమెరికానే కదమ్మా, ఒకసారి మావాణ్ని కలవరా" అన్నాడు. కొలంబస్ నుంచి డల్లాస్‌కు రోడ్డు మీద 1,600 కిలోమీటర్లు దాటుతుంది. ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు. టీ తెప్పించి కొడుకు ఫొటోలన్నీ చూపించాడు. లేవబోతుంటే ఒక నూనె సీసా నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. అమెరికా వెళ్లాక వాళ్లబ్బాయికి పోస్టులో పంపిస్తాను, మాటిచ్చాను. ఇంకోమాట, పండ్లు తెమ్మని అడుగుతున్న వాళ్లకు: మనం తెచ్చే తాజా పండ్లను అమెరికాలోకి రానివ్వరండి. నూనె అయితే చెక్-ఇన్ బ్యాగులో వస్తుంది, సీలు గట్టిగా ఉండాలి.

మహబూబ్‌నగర్ చేరేసరికి పొద్దుపోయింది. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి బతికించుకున్న మర్రి అది, చీకట్లో చూపించడం నాకిష్టం లేదు. రోడ్డు పక్కన కట్టెల పొయ్యిల మీద జొన్న రొట్టెలు చేసే అక్కల దగ్గర ఆగాం. పీట లేదు, కర్ర లేదు, అరచేతుల మధ్యే కొట్టి పెనం మీద వేస్తున్నారు. పాప ఒకటి వేడివేడిగా ఉత్తదే తినేసింది. పది కట్టించుకున్నాం. ఇంట్లో అమ్మ పుంటికూర పప్పు చేసి పెట్టింది, రొట్టెలు చల్లారకముందే వెళ్లాలి. పిల్లలమర్రి రేపు పొద్దున్నే చూపిస్తా, ఉంటానండి.