మాటలు వినబడాలంటే బేస్ తగ్గించండి

శ్రోతలకు నమస్కారం.

ల్యాప్‌టాప్‌లో సినిమా పెడితే ఫైట్లు ఇల్లెగిరిపోయేలా ఉంటాయి, డైలాగులు మాత్రం గొణుగుడే. సౌండ్ నూటికి నూరు పెట్టినా అంతే. దాంతో స్పీకర్లు పోయాయన్న నిర్ణయానికి వచ్చేస్తాం. తొందరపడకండి. ముందు ఇయర్‌ఫోన్ పెట్టి అదే సీను వినండి. అందులోనూ గొణుగుడే అయితే తప్పు స్పీకర్లది కాదు, ఆ వీడియోదో సెట్టింగులదో.

ఇయర్‌ఫోన్‌లో బాగుంటే ఒకసారి ల్యాప్‌టాప్‌ని తిరగేసి చూడండి. చాలా మోడళ్లలో స్పీకర్ల జాలీ అడుగునే ఉంటుంది. శబ్దం కిందికి వెళ్లి, బల్లకి తగిలి మన వైపు రావాలి. పరుపు మీదో ఒళ్లోనో పెట్టుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. గట్టి బల్ల మీద పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్. మన చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. ఆ కింది కొసన ఉండే బరువైన శబ్దమే బేస్. బేస్ పలకాలంటే స్పీకర్ చాలా గాలిని కదపాలి. ల్యాప్‌టాప్‌లో పట్టే పల్చటి స్పీకర్‌కి అంత శక్తి ఎక్కడిది? బేస్ పెంచినకొద్దీ అది గిజగిజలాడుతుంది తప్ప పలకదు. పైగా మాటల్ని కూడా చెడగొడుతుంది.

నిజానికి మాట అర్థం కావడానికి బేస్‌తో పెద్దగా పనే లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేవి. అయినా అవతల ఎవరో గొంతును బట్టే పోల్చుకునేవాళ్లం కదా! కాబట్టి బేస్ తగ్గించాలి. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్ (Ctrl), E కీలు కలిపి నొక్కితే ఈక్వలైజర్, అంటే ఏ స్థాయి శబ్దాన్ని ఆ స్థాయిలో పెంచి తగ్గించే మీటలు వస్తాయి. ఎనేబుల్ అన్నచోట టిక్ పెట్టి, 60, 170 అని రాసి ఉన్న మీటల్ని కిందికి దించండి. 1కె, 3కె (అంటే వెయ్యి, మూడు వేల హెర్ట్జ్) మీటల్ని కాస్త పైకి జరపండి, చాలు. అన్నీ పైకి తోసేస్తే మాట పగిలిపోతుంది. అదే ప్లేయర్‌లో వాల్యూమ్ నూరు దాటి 125 దాకా పోతుంది. డైలాగులు మరీ మెల్లగా ఉన్న వీడియోకి అది పనికొస్తుంది గానీ, అసలే గట్టిగా ఉన్నదానికి వాడితే వచ్చేది గరగరే.

ఆరు ఛానళ్ల ఆడియో, అంటే థియేటర్‌లోలా చుట్టూ ఉండే స్పీకర్లకి వేర్వేరుగా పంపే శబ్దం ఉన్న సినిమాల్లో డైలాగులు ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటాయి. వాటిని రెండు స్పీకర్లలోకి కుదించేటప్పుడు మాట వెనక్కి పోవచ్చు. ప్లేయర్‌లోని ఆడియో ట్రాక్‌ల జాబితాలో స్టీరియో (రెండు ఛానళ్లది) ఉంటే అది ఎంచుకోండి. విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనే సెట్టింగు ఉంటే అదీ ఆన్ చేయండి. మెల్లటి మాటకీ పెద్ద చప్పుడుకీ మధ్య తేడా తగ్గిస్తుంది. అన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది కనిపించదు, సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ని బట్టి ఉంటుంది. వీడియో కాల్ రాగానే పాట సౌండ్ దానంతటదే పడిపోతోందా? విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ అన్నచోట, కాల్ సమయంలో మిగతా శబ్దాల్ని 80 శాతం తగ్గించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని డూ నథింగ్ (ఏమీ చేయొద్దు) అని మార్చేయండి.

సౌండ్ ఎంత ఉన్నా ఒకే స్వరం దగ్గర జర్రుమంటుంటే జాలీలో దుమ్ము చేరి ఉండొచ్చు, లోపలి పొర చిరిగి ఉండొచ్చు. మెత్తటి బ్రష్‌తో తుడవండి. సూది మాత్రం పెట్టకండి. చిరిగితే మార్పించుకోవడమే.

ఇవేవీ తీరుబడిగా చేసే ఓపిక లేదంటారా, బయటి స్పీకర్ కొనేయండి. అందులో తప్పేమీ లేదు. అది వైరుదైతే చిక్కు తక్కువ. బ్లూటూత్‌దైతే పెదవుల కదలికకీ మాటకీ కాస్త ఎడం రావచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో ఇంకో తిరకాసు ఉంది. దాని మైకు కూడా వాడుతుంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో సౌండ్ ఒక్కసారిగా ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. అలాంటప్పుడు మైకుగా ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్నే ఎంచుకోండి, హెడ్‌ఫోన్‌ని వినడానికే ఉంచుకోండి.