వంటింటి బల్ల మీద రొయ్యాసురుడు

నమస్కారమండీ. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయింది. నాటింగ్‌హామ్‌లో జనవరి అంటే ఇంతే. మంచు, సూపర్ మార్కెట్టు, మళ్లీ మంచు... ఆ వీడియోలు తీసీ తీసీ నాకే విసుగొచ్చింది. అందుకే ఈసారి కెమెరాను మా వంటింటి బల్ల మీదికి దించాను. సీసా బిరడాకు గుచ్చి నిలబెట్టిన ఈ ఆకుపచ్చ శాల్తీని దగ్గరగా చూపిస్తాను, ఉండండి. ఆరు కాళ్లూ చేతులూ, వీపంతా పెంకులు. వేరే గ్రహం సైనికుడన్నమాట. మా వారు దీనికి రొయ్యాసురుడు అని నామకరణం చేశారు.

బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధాల కోసం చేస్తున్నాను దీన్ని. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మను ముందుకు జరుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేలుస్తారు. చాలా ఆటల్లో మనిషి బొమ్మ అరికాలి నుంచి కళ్ల దాకా 28 మిల్లీమీటర్లు ఉంటుంది. నా సైనికుడు అంతకంటే ఒక పిసరు ఎత్తు. పని పూర్తయ్యాక బిరడా తీసి, కింద పీఠంగా రెండు పెన్నీల నాణెం అతికిస్తాను. ఇక్కడ చాలామంది చేసే పనే ఇది, ఇంతకంటే చవకైన పీఠం దొరకదు.

ఉద్యోగానికి ఈ ఊరు వచ్చినప్పుడు నాకు తెలిసిన నాటింగ్‌హామ్ రాబిన్ హుడ్, లేసు, ర్యాలీ సైకిళ్లు, అంతే. బొమ్మల సంగతి ఆఫీసులో పక్క కుర్చీ ఆయన చెప్పాడు. వార్‌హామర్ 40,000 ఆటను 1987లో తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇక్కడే, లెంటన్‌లో ఉంది. వార్‌లార్డ్ గేమ్స్, మాంటిక్, పెర్రీ మినియేచర్స్ అనే బొమ్మల కంపెనీలు కూడా ఈ ఊరివో చుట్టుపక్కలవో. ఒకప్పుడు బొమ్మలను సీసం కలిసిన లోహంతో పోసేవారు కాబట్టి అభిమానులు ఈ ప్రాంతాన్ని 'లెడ్ బెల్ట్' అంటారు. ఇప్పుడు సీసం పోయింది, ప్లాస్టిక్కు, రెజిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడేది), తగరం ఎక్కువ కలిసిన తెల్ల లోహం వచ్చాయి. పేరు మాత్రం మిగిలింది.

ఇక పని. ఈ రిబ్బను చూడండి, ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. దీన్ని గ్రీన్ స్టఫ్ అంటారు, కలిపాక గట్టిపడే ముద్ద ఇది. రెండూ పిసికితే ఆకుపచ్చ అవుతుంది. అయితే రెండు రంగులూ ఒరుసుకునే గీత దగ్గర అది ముందే గట్టిపడి ఉంటుంది. ఆ సన్నటి ముక్కను కోసి పారేయాలి. డబ్బు పెట్టి కొన్నాను కదా అని నేను మొదట్లో అదీ కలిపేశాను. నున్నగా రావలసిన వీపు మీద ఇసుక చల్లినట్టు పలుకులు తేలాయి. పసుపు రంగు ముద్ద పెంచితే మెత్తగా సాగుతుంది, నీలం పెంచితే అంచులు పదునుగా నిలుస్తాయి. కలిపాక గంటన్నర వరకు మాట వింటుంది, తర్వాత మొండికేస్తుంది. పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు. పనిముట్టును నీళ్లలో తడుపుతూ ఉండాలి, లేకపోతే ముద్ద బొమ్మను వదిలి పనిముట్టుకే అంటుకుంటుంది. చేతికి పలచటి గ్లవ్స్ వేసుకుంటాను, ఈ ముద్ద కొందరి చర్మానికి పడదు.

మొన్న నవంబరులో అత్తయ్యగారు వచ్చారు. ఆవిడ పుట్టిల్లు ఇబ్రహీంపట్నం, కొండపల్లికి పక్క ఊరే. నేను పిసుకుతుంటే వెనక నిలబడి చాలాసేపు చూశారు. "ఇది మక్కు కదే అమ్మాయ్!" అన్నారు. కొండపల్లిలో పొణికి కర్రతో ఒళ్లు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. ముద్ద వేరు, పని ఒకటే. ఆ రోజు నేను ఒకే విడతలో పొట్ట, వీపు, కాళ్లు అన్నీ చేసేయాలని కూర్చున్నాను. కాలు దిద్దుతుంటే బొటనవేలు వీపును నొక్కేసింది. గంట కష్టం మీద చక్కటి వేలిముద్ర పడింది. "ఒళ్లు ఆరకుండా కాళ్లు పెడితే ఎలా? వడియాలైనా ఒక పక్క ఎండాకే తిరగేస్తాం" అన్నారు అత్తయ్యగారు. అప్పటి నుంచి ఒక పూట ఒక పొర. మొదట తీగతో అస్థిపంజరం, దాని మీద పలచటి పొర, అది గట్టిపడ్డాక కండ, మరునాడు పెంకు. మధ్యలో బొమ్మ హీటరు పక్కన కూర్చుంటుంది, కాస్త త్వరగా ఆరుతుంది.

పెంకు సంగతి చెప్పాలి. నా మొదటి గ్రహాంతరవాసికి నేను పెట్టని అవయవం లేదు. కొమ్ములు, ఏడు కళ్లు, మూడు తోకలు. ఆఫీసు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని ముఖం ఎటు వైపు?" అని అడిగాడు. తప్పు నాదే. ఆటగాడు దాన్ని నిలబడి, రెండు మూడు అడుగుల దూరం నుంచి చూస్తాడు. నీడ చూసి ఏ జీవో చెప్పగలగాలి.

దారి సింకులో దొరికింది. అత్తయ్యగారు ఇగురుకు రొయ్యలు వలుస్తున్నారు. ఒకదాన్ని అడిగి తీసుకుని బల్ల మీద పెట్టాను. ముందు పెంకు అంచు వెనక పెంకును కప్పుతుంది, ఇంటి కప్పు మీద పెంకుల్లాగా. ఒళ్లు వంచితే వీపు మీద పెంకులు జారి విడివడతాయి, కింద మెత్తటి చర్మం ముడుచుకుంటుంది. కాలు కీలు దగ్గరే వంగుతుంది, మధ్యలో కర్రలా తిన్నగా ఉంటుంది. నా పాత బొమ్మ కాళ్లు నూడుల్స్‌లా ఎందుకు ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఎంత వింత జీవికైనా బరువు మోసే కీలు ఉండాలి, లేకపోతే కన్ను నమ్మదు. "కూరలోకి ఒకటి తగ్గింది" అన్నారు అత్తయ్యగారు.

ఇప్పుడు చాలామంది శిల్పులు కంప్యూటర్లో చెక్కి రెజిన్ ప్రింటరులో తీస్తున్నారు. తప్పేమీ లేదు, తప్పు చేస్తే వెనక్కి వెళ్లే మీట ఉంటుంది. నేను రోజంతా తెర ముందే కూర్చుంటాను, సాయంత్రం కూడా అదే అంటే నా వల్ల కాదు. పైగా లోహంలో పోయించాలంటే అసలు బొమ్మను రబ్బరులో పెట్టి వేడి, ఒత్తిడి మధ్య ఉడికించి అచ్చు తీస్తారు. గ్రీన్ స్టఫ్ దానికి తట్టుకుంటుంది, ఓవెన్‌లో కాల్చే పాలిమర్ మట్టి విరిగిపోతుంది. నేనింకా అంత దూరం వెళ్లలేదు. సిలికాన్ అచ్చులో రెజిన్ పోసి నాలుగు తీశాను. రెండింటికి గోళ్ల దగ్గర గాలి బుడగలు.

ఆ గోళ్లు లేని వాటిలో ఒకటి సంక్రాంతికి మాయమైంది. వెతికితే బొమ్మల కొలువులో కనిపించింది, చివరి మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు కాళ్ల దగ్గర. ఏనుగు పక్కన అది చీమంత ఉంది. పేరంటానికి వచ్చినావిడ వంగి చూసి అదేమిటని అడిగితే, అత్తయ్యగారు తడుముకోకుండా "రొయ్య అమ్మా, మా కోడలు చేసింది" అన్నారు.

అంత సులువుగా గుర్తుపట్టకూడదు. వచ్చే దానికి తోక తీసేస్తున్నాను.